ఒంటికొమ్ము గిటారుపై ఏకసభ్య కమిషన్

పర్లాకిమిడిలో మా అప్ప కొడుకు 18,000 రూపాయలు పోసి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. రాక్ వాయిస్తాడట. కొనేశాక "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగాడు. మహేంద్రతనయ నదికి ఈ ఒడిశా ఒడ్డునా ఆ ఆంధ్రా ఒడ్డునా కొన్న తర్వాతే సలహా అడుగుతారు కాబట్టి దీన్ని సరిహద్దు సమస్యగా భావించలేదు. నన్ను నేనే ఏకసభ్య కమిషన్‌గా నియమించుకున్నాను. నాకు గిటార్ రాదు కనుక నిష్పాక్షికతకు ఢోకా లేదు.

మొదటి సాక్షి మా అమ్మ. ఎగాదిగా చూసి, "ఒకవైపే కోశారేటిరా? రెండోవైపు కొయ్యడానికి వేరే డబ్బులా?" అంది. గిటార్ మెడ మీది చివరి మెట్ల దాకా వేళ్ళు అందాలని ఒంటిని అలా తొలుస్తారు. అక్కడ మిగిలిన మొనని గిటార్ వాళ్ళు 'కొమ్ము' అంటారు. 1952లో గిబ్సన్ కంపెనీ తెచ్చిన లెస్ పాల్‌కి ఈ ఒంటికొమ్మే. ఇప్పుడు చవకలో దొరికే ఒంటికొమ్ములు చాలావరకు దాని తమ్ముళ్ళు, లేదా తమ్ముళ్ళమని చెప్పుకునేవాళ్ళు. పశువుల కొమ్ముతో కొంగల, రొయ్యల బొమ్మలు చేసే ఈ ఊరికి ఇది రావడం న్యాయమే.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళోనే మేష్టారు. జనం మాట్లాడే తెలుగే రాయాలని పోరాడారు. గిటార్ సమీక్షకులకి ఆ కబురింకా అందలేదు. 'వెచ్చటి మిడ్స్', 'వెన్నలాంటి సస్టెయిన్' అంటూ కొత్త గ్రాంథికం పెట్టారు. పైగా ప్రతి వాక్యానికీ 'ఈ రేటుకి' అని తోక తగిలిస్తారు. ఈ రేటుకి ఫినిష్ అదుర్స్. ఈ రేటుకి శ్రుతి పర్వాలేదు. ఇంతకన్నా చవకైన ముందస్తు బెయిల్ ఏ కోర్టులోనూ దొరకదు. ఈ రేటుకి మా వీధి కుళాయి కూడా బాగానే వస్తోంది.

ఇక పరీక్ష. ముందువైపు పులిచారల మేపుల్ చెక్క ధగధగలాడుతోంది. అంచు దగ్గర గోటితో చూస్తే కాగితమంత పొర. పైన పటారం లోన లొటారం అనబోయి నాలిక్కరుచుకున్నాను. తీగల కదలికని పట్టే పికప్‌లు నిజంగానే బాగున్నాయి. తీగ పొడవు 24.75 అంగుళాలే కాబట్టి 25.5 వాటికంటే సులువుగా వంగుతుంది. పిసినారితనమంతా చేతికి తగిలేచోటే. అరచెయ్యి మెడ వెంట జారిస్తే మెట్ల కొసలు కొబ్బరి తురిమే పీటలా గీకాయి.

అసలు దొంగ నట్, అంటే మెడ చివర తీగలు గాట్లలో ఆనే చిన్న ముక్క. బిరడలు తలకి అటు మూడు, ఇటు మూడు. మధ్య తీగలు నట్ దాటగానే పక్కకి మళ్ళుతాయి. గాడి సరిగ్గా కొయ్యకపోతే జీ తీగ అందులో ఇరుక్కుంటుంది. మావాడు వంచి వదలగానే 'టింగ్' మంది, శ్రుతి పోయింది. గంటలో పదకొండుసార్లు బిరడ తిప్పాడు. పెన్సిల్ ముల్లు గాట్లో రుద్దితే కాస్త నయమైంది గానీ రెండు పాటలకే మళ్ళీ మొదలు. కొమ్ముపని చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన ఆ ప్లాస్టిక్ ముక్కని వేళ్ళ మధ్య తిప్పి, "ఇదేటి బాబూ, దువ్వెన ముక్కా?" అన్నాడు. రెండు రోజుల్లో గేదె కొమ్ముతో ఆరు గాట్ల నట్ చేసిచ్చాడు. జీ తీగ ఆ రోజు నుంచి బుద్ధిగా ఉంది.

మిగిలింది ఆంప్లిఫయర్‌లో గుయ్యిమనే మోత. అమెరికా కరెంటు తీగల 60 హెర్ట్జ్ మోతని చంపడానికే గిబ్సన్ ఇంజనీరు సేత్ లవర్ రెండు రాగితీగ చుట్టల హంబకర్ అనే పికప్ తయారుచేశాడు. 1957 నుంచి లెస్ పాల్‌లో వస్తోంది. ఒక చుట్ట మోతని రెండోది కొట్టేస్తుంది. అంత తెలివీ మా ఇంటి ప్లగ్గు దగ్గర ఓడిపోయింది. మూడో కన్నం ఉంది, దాని వెనక ఎర్త్ లేదు. పాతపట్నం ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేస్తే, "నది దాటి రావాలి కద సార్, ఆటో ఛార్జీ ఇస్తే సోమవారం చూస్తా" అన్నాడు. కమిషన్ గడువు పొడిగించుకుంది. ఎర్త్ లేకుండా తీగలు ముట్టుకోవడం ప్రమాదం కాబట్టి, అందాకా ప్లగ్గు పెట్టకుండా వాయించాలని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది.

దాన్ని శాశ్వతం చెయ్యాలంటూ ఇరుగుపొరుగు వారి అర్జీ ఇప్పుడే అందింది.