కుక్కలకు వదిలేస్తే పోట్లాట అయిపోతుంది

కుక్కలకు పోట్లాట చేతకాదు. జంతుప్రేమికులు నొచ్చుకున్నా సరే, నిజాన్ని ఎంతకాలమని దాస్తాం? లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. లోపల ఒకటి, బయట ఒకటి. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. అర నిమిషం పాటు అరుపులు, ఊడిన బొచ్చు, గొలుసుల చప్పుడు. అంతే. కొద్ది రోజులకే అదే వేపచెట్టు కింద ఒకదాన్నొకటి వాసన చూసుకుంటూ నిలబడతాయి. పగ లేదు, పట్టుదల లేదు, బంధువర్గానికి కబురు పెట్టడం లేదు. ఇంత తేలిక బుద్ధి గల జీవాల చేతిలో ఒక వివాదాన్ని పెడితే దాని గతేమిటి? అందుకే యజమానులు కల్పించుకుని దాన్ని దత్తత తీసుకోవలసి వస్తోంది.

ఆ మొదటి అర నిమిషం గురించి పశువైద్యులు చెప్పేదంతా నిరుత్సాహం కలిగించేదే. మధ్యలో చేయి పెట్టకూడదట. ఆవేశంలో ఉన్న కుక్క అది ఎవరి చేయో చూడదు, అన్నం పెట్టిన చేతినైనా కొరుకుతుంది. బకెట్టుడు నీళ్లు కొట్టాలట, మందపాటి దుప్పటి విసరాలట, కుర్చీయో అట్టపెట్టో అడ్డం పెట్టాలట. ఇద్దరు మనుషులుంటే చెరో కుక్క వెనక కాళ్లు పట్టుకుని ఒకేసారి వెనక్కి లాగాలట. ఈ చివరి సలహా ఇచ్చినవారు ఎప్పుడూ అపార్ట్‌మెంట్‌లో ఉన్నట్టు లేరు. రెండు ఫ్లాట్లవాళ్లు ఒకే క్షణంలో, ఒకే పని, ఒకరి మాట ఒకరు విని చేయాలట! నీళ్ల ట్యాంకు కడిగించే తేదీ తేల్చుకోలేక ఇద్దరు అధ్యక్షులు రాజీనామా చేసిన భవనాల్లో ఇది అయ్యే పనేనా? పైగా చేతులు ఖాళీగా ఉండవు. ఒక చేతిలో గొలుసు, రెండో చేతిలో ఫోను. వీడియో తీయకపోతే రేపు సాక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది?

కుక్కలు విడిపోయాక పలకవలసిన మొదటి వాక్యం స్థిరపడిపోయింది: ‘మావాడు ఎవరినీ ఏమీ అనడండీ.’ దీన్ని కరిచిన కుక్క యజమానే చెప్పాలి. చెవి నుంచి రక్తం కారుతున్న పగ్‌ను ఎత్తుకుని ఎదుటివారు నిలబడి ఉండగా చెబితేనే దానికి నిండుదనం. వెంటనే రెండో వాక్యం: ‘మీదే ముందు మావాడి వైపు అదోలా చూసింది.’ చూపు చట్టవిరుద్ధం కాదని ఎవరైనా అంటే, చూపులో ఎన్ని రకాలుంటాయో విడమరచి చెప్పాలి.

ఈ దశలో ఒక ప్రమాదం ఉంది. వైద్యం సంగతి ముందుకు వచ్చిందంటే గొడవ చల్లబడిపోతుంది. కుక్క పంటిగాటు పైకి చిన్న రంధ్రంలా కనిపించి, లోపల కండ చీలిపోయి ఉంటుంది. బొచ్చు కత్తిరించి చూస్తే తప్ప తెలియదు, ఆలస్యమైతే చీము పడుతుంది. కాబట్టి అదే రోజు చూపించుకోవాలి, రేబిస్ టీకా కార్డులు రెండూ వైద్యుడి ముందు పెట్టాలి, ఆయన వేయించమంటే మరో డోసు వేయించాలి. మనిషికి గీరుకున్నా పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. కండకు ఇచ్చే టీకా అయితే మొదటి రోజును సున్నాగా లెక్కగట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో వేస్తారు. బొడ్డు చుట్టూ పొడిచే కాలం ఎప్పుడో పోయింది. ఇదంతా గంటన్నరలో మొదలై సజావుగా సాగిపోయే వ్యవహారం. అందువల్లే వివాదానికి బొత్తిగా పనికిరాదు. ఒక్క టీకా కార్డు మాత్రం చక్కగా అక్కరకొస్తుంది. ఎదుటివారు చూపించమన్నప్పుడు చూపించకూడదు. ‘అంటే మమ్మల్ని అనుమానిస్తున్నారా?’ అని అడగాలి. కార్డు బీరువాలోనే భద్రంగా ఉన్నా సరే, అడగాలి.

ఇక అసలు రణరంగం వాట్సాప్ గ్రూపు. మంజీరా నీళ్లు ఏ వేళకు వస్తాయో చెప్పుకోవడానికి పెట్టుకున్న గ్రూపు ఇలాంటి రోజుల్లోనే తన జన్మ సార్థకం చేసుకుంటుంది. మొదటి సందేశం ‘ఎవరినీ ఉద్దేశించి కాదు’ అంటూ మొదలై, ఆ వెంటనే ఫ్లాటు నంబరు, కుక్క రంగు, దాని యజమాని కారు నిలిపే చోటు తెలియజేస్తుంది. జవాబు ‘గౌరవనీయులైన’ అని మొదలవుతుంది. ఆ మాట కనబడగానే మిగతా సభ్యులు పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంటారు. నడుమ రెండో అంతస్తు పెద్దాయన తామరపువ్వు బొమ్మతో శుభోదయం పంపుతారు. ఇరుపక్షాలూ దానికి నమస్కారం పెట్టాలి. ఎవరు పెట్టలేదో అవతలి పక్షం కనిపెట్టి ఉంటుంది.

మధ్యాహ్నానికి కుక్క తెరమరుగవుతుంది. పై బాల్కనీ నుంచి ఆరేసిన బట్టల మీద పడ్డ మొక్కల నీళ్లు, ఏడాదిగా కట్టని నిర్వహణ రుసుము, అర్ధరాత్రి మిక్సీ చప్పుడు, అన్నిటికీ మించి గృహప్రవేశానికి పిలవకపోవడం ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఇదంతా అసందర్భం అని కొందరు పెదవి విరుస్తారు. వారికి మనుషులు తెలియరు. గృహప్రవేశం బాధ నాలుగేళ్లుగా వేదిక దొరక్క లోపలే మగ్గిపోతోంది. ఆ పగ్ తన చెవిని పణంగా పెట్టి దానికి వేదిక కల్పించింది.

ఈలోగా న్యాయకోవిదులు దిగుతారు. ఒకరు ఢిల్లీ వీధికుక్కలను పట్టి షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఇచ్చిన ఉత్తర్వును గ్రూపులో పెడతారు. ఇంకొకరు ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించిన ఉత్తర్వు పెడతారు: పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, రేబిస్ లక్షణాలు, దూకుడు ఉన్నవాటిని మినహాయించి మిగతావాటిని పట్టుకొచ్చిన చోటే వదలమన్నది. ఎవరికి నచ్చిన తేదీని వారు నెత్తిన పెట్టుకుంటారు. మన గొడవలో ఉన్న రెండు కుక్కల్లో ఒకటి ఏసీ లేనిదే నిద్రపోదనీ, రెండోది వీధిని కిటికీలోంచి తప్ప ఎరగదనీ గుర్తు చేసే అవివేకి ఎవరూ ఉండరు.

ఆదివారం సర్వసభ్య సమావేశం. పెంపుడు జంతువులనే నిషేధిద్దామని ఒక తీర్మానం వస్తుంది. మెజారిటీ ఉన్నా సంఘాలు అలా నిషేధించడానికి వీల్లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చి సరదా పాడు చేసింది. అప్పుడు మా కార్యదర్శిగారు లేచి పురాణం తీశారు. ధర్మరాజు వెంట వచ్చిన కుక్కకు ఇంద్రుడు స్వర్గంలో ప్రవేశం లేదన్నాడు, కాబట్టి ఆ నిబంధన దేవతలదే అన్నారు. అది లేకుండా లోపలికి రానని ధర్మరాజు మొండికేశాడనీ, ఆ కుక్క సాక్షాత్తూ యమధర్మరాజేననీ కథలో మిగిలిన భాగం మినిట్స్‌లోకి ఎక్కలేదు. సభ్యులు చప్పట్లు కొట్టారు.

భారతం మాట వచ్చింది కాబట్టి దాని మొదలు కూడా చూడాలి. అక్కడా ఉన్నది ఇరుగుపొరుగు ఫిర్యాదే. జనమేజయుడి యాగశాల దగ్గర ఆడుకుంటున్న కుక్కపిల్లను ఆయన తమ్ముళ్లు కొట్టి తరిమారు. దాని తల్లి సరమ వచ్చి, నా బిడ్డ ఏ తప్పు చేశాడని కొట్టారు అని అడిగింది. సమాధానం రాలేదు. తగునో తగదో ఆలోచించకుండా అమాయకులకు కీడు చేసేవారికి ఊహించని ఆపదలు వస్తాయని చెప్పి వెళ్లిపోయింది. చక్రవర్తి హడలిపోయి, ఆ దోషం పోగొట్టగల పురోహితుడి కోసం వెతుక్కున్నాడు. గమనించండి: పురోహితుణ్ణి వెతికాడే గాని ఆ కుక్క దగ్గరకు వెళ్లి క్షమించమనలేదు. మన అపార్ట్‌మెంట్లకు ఆది పురుషుడు ఆయనే.

చట్టం కొంత ఆశ కల్పించి, కొంత ముంచుతుంది. పెంపుడు జంతువును అదుపులో పెట్టడంలో నిర్లక్ష్యం చూపితే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో జరిమానా 1,000 రూపాయలే; 2024 జులై 1 నుంచి ఐదింతలైంది. ఇది చదివి పొంగిపోయిన పగ్ పక్షంవారు చివరి పంక్తి దగ్గర కూలబడతారు. ఆ సెక్షన్ అడిగేది మనిషి ప్రాణానికి ముప్పో, తీవ్రంగా గాయపడే ముప్పో ఉందా అని. కుక్కను కుక్క కరిస్తే దానికి పట్టదు. పశువైద్యుడి బిల్లు కావాలంటే సివిల్ కోర్టులో దావా వేసుకోవాలి, బిల్లుకు పదింతలు ఖర్చుపెట్టి. అందుకే అనుభవజ్ఞులు ఆ రోజు తమ చేతి మీద కూడా ఒక గీత ఉన్నట్టు మర్నాడు గుర్తు చేసుకుంటారు.

ఒకవేళ కోపంలో పక్కింటివారి కుక్కను తన్నారనుకోండి. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. అరవై ఏళ్లు దాటినా అది పెరగలేదు. ఈ దేశంలో ధర పెరగని సరుకు ఇదొక్కటే కావచ్చు.

మనకు ఓపిక లేదని, చిన్న విషయాన్ని పెద్దది చేస్తామని నిందించేవారు ఐరోపా వైపు చూడాలి. 1925 అక్టోబరులో ఒక గ్రీకు సైనికుడు తప్పించుకున్న తన కుక్క వెంట పరుగెత్తి బల్గేరియా సరిహద్దు దాటాడనీ, అవతలి కాపలావాడు కాల్చేశాడనీ ఒక కథనం. దాంతో గ్రీకు సైన్యం బల్గేరియాలోకి చొరబడి పెట్రిచ్ పట్టణం మీదికి వెళ్లింది. యాభై మందికి పైగా చనిపోయారు. చివరికి నానాజాతి సమితి కాల్పులు ఆపించి, విచారణ సంఘాన్ని వేసి, గ్రీసు చేత 45,000 పౌండ్ల పరిహారం కట్టించింది. ఆ కుక్క ఏమైందో ఎవరూ రాయలేదు. దీని ముందు మా సంఘం ఎంత? ఇంతవరకు మేము పోగొట్టుకున్నది రెండు పూలకుండీలు, ఒక పెళ్లి సంబంధం.

ఇంతటి వారసత్వం ఉండగా, మొన్న మా పక్క బ్లాకులో జరిగినది రాయడానికి కలం ఆడటం లేదు. ఒక లాబ్రడార్ ఒక బీగిల్ మెడ దగ్గర గట్టిగానే కరిచింది. అంతవరకు అన్నీ శాస్త్రోక్తంగా ఉన్నాయి. అదే సాయంత్రం లాబ్రడార్ యజమాని ఎదుటివారి తలుపు కొట్టారు. చేతిలో టీకా కార్డు. ‘గొలుసు కొక్కెం వదులైందని తెలిసి కూడా మార్చలేదమ్మా, తప్పు మాదే’ అన్నారట. ఆవిడ తిట్టాలి కదా? ‘రండి అన్నయ్యగారూ, ముందు డాక్టరు దగ్గరకు పోదాం’ అన్నారట. ఒకే కారులో వెళ్లారు. బిల్లు ఆయన కట్టబోతే, మావాడూ ముందు గుర్రుమన్నాడు లెండి అని ఆవిడ మందుల డబ్బు ఇచ్చారు. ఇకనుంచి ఒకరు ఉదయం ఆరింటికి, ఇంకొకరు ఆరున్నరకు తిప్పుకోవాలని దారిలోనే మాట్లాడేసుకున్నారు. కొత్త కొక్కెం కూడా కొన్నారు.

ఇందులో ఒక్క ముక్క గ్రూపులో పడలేదు. రెండు రోజుల తర్వాత వాచ్‌మన్ చెబితే గాని మాకు తెలియలేదు. అప్పటికి అంతా అయిపోయింది. వీడియో లేదు, వాదం లేదు, పక్షం వహించడానికి పక్షమే లేదు. ఇలాంటి రోజు కోసం నాలుగు పేజీల వినతిపత్రం నమూనా సిద్ధం చేసిపెట్టుకున్న విశ్రాంత అధికారి ఒకరు అన్నం మానేశారు. ఒకరి స్వార్థం కోసం వంద కుటుంబాల ఆసక్తిని ఇలా తుంచేయవచ్చా?

సంఘం ఊరుకోలేదు. ‘సర్వసభ్య సమావేశం అనుమతి లేకుండా రాజీ కుదుర్చుకున్నందుకు మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో తెలపండి’ అని ఇద్దరికీ నోటీసులు పంపాం. ఆదివారం పదకొండు గంటలకు సెల్లారులో విచారణ, ఇడ్లీ వడ కూడా చెప్పాం. ఆ సమయానికి బీగిల్‌కు కుట్లు విప్పించడానికి కలిసి వెళ్తున్నామని ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకం చేసి జవాబిచ్చారు. ఈ ధిక్కారాన్ని పరిశీలించడానికి ఉపసంఘం వేశాం. కన్వీనరు పదవికి ఇద్దరు పోటీపడుతున్నారు. నిన్నటి నుంచి వారిద్దరికీ మాటలు లేవు.