యార్క్‌లో విజేతల వెట్టిచాకిరీ

ఇంగ్లండ్‌లోని యార్క్‌ను ఒక్కరోజులో చుట్టేసి, కాళ్లు పీక్కుపోతూ సాయంత్రం రైలెక్కేవాళ్లు తాము కోటలూ చర్చీలూ చూశామనుకుంటారు. పొరపాటు. వాళ్లు చూసింది పాతబాకీల వసూలు కేంద్రం. తన మీద పడిన ఏ ఒక్కణ్నీ ఆ ఊరు ఊరికే వదల్లేదు.

క్రీ.శ. 71లో రోమన్లు వచ్చి దండు దింపారు. 306లో కాన్‌స్టంటైన్‌ను సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఇక్కడే. ఆయనిప్పుడు మిన్‌స్టర్ చర్చి పక్కన కంచు విగ్రహమై, ఎండనకా వాననకా సెల్ఫీల డ్యూటీ చేస్తున్నాడు. ఓవర్‌టైమ్ లేదు.

ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిపడ్డ దోపిడీ వీరులు వైకింగుల గతి ఇంకా ఘోరం. 866లో ఊరిని పట్టుకున్న వీరుల బతుకంతా 1984 నుంచి జోర్విక్ అనే మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు. బండిలో కూర్చోబెట్టి తిప్పుతారు, ఆనాటి కంపు కూడా టికెట్‌లో కలిపే ఉంటుంది. అన్నిటికీ మించి అక్కడొక గాజు పెట్టె ఉంది. తొమ్మిదో శతాబ్దంలో ఒక వైకింగు కూర్చుని, పని కానిచ్చి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయిన ఫలితం అందులో రాయిలా గట్టిపడి ఉంది. పొడవు 20 సెంటీమీటర్లు. 1972లో ఒక బ్యాంకు కట్టబోయే స్థలంలో దొరికింది. శాస్త్రవేత్తలు శ్రద్ధగా పరీక్షించి, ఆ పెద్దమనిషి రొట్టె, మాంసం తినేవాడనీ, కడుపులో నులిపురుగులున్నాయనీ తేల్చారు. 2003లో కిందపడి 3 ముక్కలైతే మళ్లీ అతికించారు కూడా. అన్నం దగ్గర ఆ మాటెత్తితే వీపు విమానం మోత మోగించే అమ్మలే అక్కడ పిల్లల్ని ఎత్తుకుని మరీ "సరిగ్గా చూడు నాన్నా" అంటారు. వైకింగులు కత్తి చూపించి పుచ్చుకున్న కప్పానికి ఇంతకన్నా న్యాయమైన వడ్డీ ఉంటుందా?

షాంబుల్స్ వీధిలో కసాయి కొట్లు పోయాయి, మాంసం వేలాడదీసిన కొక్కేలు మిగిలాయి. ఇప్పుడక్కడ హ్యారీ పోటర్ మార్కు మంత్రదండాలు అమ్ముతున్నారు. సరే, అదీ వ్యాపారమే.

ఇంగ్లండ్ మీద దండెత్తి రాజైన నార్మన్ విలియం 1068లో కట్టించిన కోట గుట్ట మీది బురుజులోకి వెళ్లడానికీ టికెట్ ఉంది. ఆ మరుసటేడు ఉత్తర ప్రాంతాన్ని తగలబెట్టినవాడు కదా, కట్టాల్సిందే. 1190లో నగరంలోని యూదులు ప్రాణాలు పోగొట్టుకున్నదీ ఆ గుట్ట మీదే. అక్కడ మాత్రం నా వెటకారాన్ని జేబులో పెట్టుకుంటున్నాను.

గమనించారా, రైల్వే మ్యూజియానికి టికెట్ లేదు. రైలు వాళ్ల సొంత సరుకు మరి. రుసుమంతా దండెత్తినవాళ్ల పద్దులోనే.

మనం మాత్రం బాకీ వసూలులో వెనకబడ్డాం. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో కోఠీ పెట్టింది 1611లో. ఆ దొరలు తినలేదా? తిన్నారు, తెగ తిన్నారు. తిన్నవాళ్లు ఊరుకుని ఉండరు. అయినా ఒక్క పునాదైనా ఆ దృష్టితో తవ్వి చూసిన నాథుడు లేడు. ఆ నిక్షేపం బయటపడేదాకా బందరు వెళ్లిన పర్యాటకులు లడ్డూతో సరిపెట్టుకోవాల్సిందే.