నీకేం తక్కువ అనేవాళ్ళకి

"నీకేం తక్కువరా, ఉద్యోగం ఉంది, ఊళ్ళో పొలం ఉంది, అమ్మానాన్న బాగున్నారు" అని డిప్రెషన్‌లో ఉన్నవాడికి లెక్కలు చదివి వినిపించేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ లెక్క వాడికీ తెలుసు. నిద్రపట్టని రాత్రి వాడు చేసేది కూడా అదే లెక్క, ఇన్ని ఉండి కూడా నాకిట్టా ఉందంటే తప్పంతా నాదే కదా అని. ధైర్యం చెప్పామనుకుని మీరు ఫోన్ పెట్టేస్తారు. వాడికేమో తనను తాను తిట్టుకోవడానికి ఇంకో కారణం దొరుకుతుంది.

మొన్న ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, ఒక పెద్దాయన "మా కాలంలో ఈ డిప్రెషన్లు యాడున్నాయబ్బా, ఈ పిల్లకాయలకి ఓర్పు లేదు" అన్నాడు. పెళ్ళివారి ముందు గొడవెందుకని ఊరుకున్నాను. ఇక్కడ ఊరుకోను.

2025 చివర్లో, నెల్లూరులో ముసురు పట్టిన రోజుల్లో నాకు ఒక రాత్రి గడవడం కష్టమైంది. కారణం అడిగితే నా దగ్గర లేదు. ఉద్యోగం పోలేదు, ఎవరూ వదిలిపెట్టి పోలేదు. వారాల తరబడి తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, కారం దోశ తిన్నా అట్టముక్క నమిలినట్టుండేది, స్నానం చేయాలన్నా ఓపిక ఉండేది కాదు. రెండు వారాలకు మించి దాదాపు రోజూ ఇట్టా ఉంటే డాక్టరుకు చూపించుకోవాల్సిందేనని తర్వాత తెలిసింది. ఆ రాత్రి మాత్రం, నేను లేకపోతేనే అందరికీ హాయి అనే ఆలోచన చాలా మామూలుగా వచ్చింది. భయం కూడా వేయలేదు. అదే అన్నిటికంటే భయపడాల్సిన విషయమని ఇప్పుడనిపిస్తుంది.

మా బ్యాచ్ గ్రూపులో "ఎవరన్నా మేలుకున్నారా" అని పెట్టాను. అంతకంటే రాయడం చేతకాలేదు.

అర్ధరాత్రి దాటాక ఎవరు మేలుకునుంటారు? రొయ్యల చెరువులున్నవాడు మేలుకునుంటాడు. ఇందుకూరుపేట పక్క మావాడికి చెరువులున్నాయి. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు తిరుగుతూనే ఉండాలి, కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి, ఆలస్యమైతే పంట మొత్తం పోతుంది. ఇంకొకరు మా క్లాస్‌మేటే, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు, ఆ వారం నైట్ డ్యూటీ. మిగతావాళ్ళంతా నిద్రలో ఉన్నారు, వాళ్ళ మీద నాకేం కోపం లేదు.

నర్సమ్మ ఫోన్ చేసి సూటిగా అడిగింది, "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని. అట్టా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామందికి భయం. పుట్టదు, పరిశోధనలు కూడా అదే చెప్తున్నాయి. నాకైతే ఆ మాట వినగానే ఏడుపొచ్చింది, అవునన్నాను. తను అయ్యో అనలేదు, మీ అమ్మ గురించి ఆలోచించావా అనలేదు. "తలుపు గడియ తీసిపెట్టు, వాడు బయల్దేరాడు. వాడొచ్చిందాకా ఫోన్ పెట్టొద్దు, మాట్లాడకపోయినా పర్లేదు" అంది. మధ్యలో వార్డులోకి పోతూ ఫోన్ జేబులో వేసుకుంది. ఎవరో ముసలాయన నీళ్ళడగడం, ఈమె కసురుకుంటూనే తెచ్చివ్వడం అంతా వినబడుతూనే ఉంది.

మావాడు చెరువులు పనివాడికి అప్పజెప్పి బురద కాళ్ళతోనే వచ్చాడు. వచ్చి ఏం నీతులు చెప్పాడనుకుంటున్నారు? "తిన్నావా?" అన్నాడు. లేదంటే వంటింట్లో దూరి ఉప్మా చేశాడు, ఉప్పు ఎక్కువేశాడు, తినమని పోరలేదు. ఇంట్లో ప్రమాదమనిపించినవన్నీ అడిగి తీసుకుని బయట బండిలో పెట్టొచ్చాడు, అది నర్సమ్మ చెప్పిన పనే. తర్వాత వంద కౌంటు, అంటే కిలోకి వంద తూగే రొయ్యల రేటు గురించి, మేత ఖర్చు గురించి, ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పటి నుంచి కొనేవాళ్ళు ఆడుతున్న ఆటల గురించి చెప్తూ కూర్చున్నాడు. నిజంగా నష్టంలో ఉన్నది వాడు! అయినా "నా కష్టం చూడు, నీదేపాటి" అని ఒక్కసారి కూడా అనలేదు.

అప్పటికి నిద్రలేచిన ఇంకో మహానుభావుడు బీరు పట్టుకొస్తానని గ్రూపులో మెసేజ్ పెట్టాడు. వాడికి పడిన తిట్లు ఇక్కడ రాయలేను. మందు తాగితే బాధ మరుస్తామనుకుంటాం కానీ అది నిద్రనూ చెడగొడుతుంది, దిగులునూ పెంచుతుంది, పైగా అట్టాంటి రాత్రి తొందరపాటు పనులు చేయిస్తుంది.

స్నేహమే అసలైన వైద్యం అని పోస్టులు పెట్టేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. వీళ్ళు నా జబ్బు తగ్గించలేదు, రాత్రి దాటించారు. పొద్దున నర్సమ్మ డ్యూటీ దిగి నేరుగా వచ్చి, ఇద్దరూ కలిసి నన్ను సైకియాట్రిస్టు దగ్గర కూర్చోబెట్టారు. మాత్రలు పనిచేయడానికి వారాలు పట్టింది, మొదట్లో కడుపులో తిప్పేది. మానేద్దామనుకున్నప్పుడల్లా "వేసుకున్నావా?" అని మెసేజ్ వచ్చేది. అప్పట్లో విసుగ్గానే ఉండేది, అబద్ధం ఎందుకు.

అట్టాంటి ఫ్రెండ్స్ అందరికీ ఉండరు. 14416 నంబరు ఫోన్లో సేవ్ చేసుకోండి. టెలి మానస్ అంటారు, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. పెళ్ళిలో ఆ పెద్దాయనకి ఇంకో మాట. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం బీమా విషయంలో ఈ జబ్బునీ ఒంటి జబ్బులతో సమానంగానే చూడాలి. చట్టం కూడా జబ్బే అంటోంది, మీరొక్కరే ఓర్పు లేకపోవడం అంటున్నారు.

మా నెల్లూరు సంగతి చూడండి. మొహర్రానికి రొట్టెల పండగ వచ్చిందంటే బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, ముక్కూముఖం తెలియనివాళ్ళ చేతిలోంచి ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అందుకుంటాం. ఏం కావాలో నోరు తెరిచి అడగడానికి అక్కడ ఎవరికీ సిగ్గుండదు. అదే ఊళ్ళో సైకియాట్రిస్టు బోర్డున్న మేడ ఎక్కాలంటే మాత్రం హెల్మెట్ తీయకుండా ఎక్కుతాం.

మా నాన్నకి ఇంకా తెలియదు. బలానికి మాత్రలనుకుంటున్నాడు. చెప్పెయ్యమని నర్సమ్మ పోరుతోంది, కావాలంటే పక్కన తనూ కూర్చుంటానంటోంది. చెరువులవాడేమో "తొందరేముందిరా, ఈ పంట పట్టినాక ముగ్గురం పోయి చెప్దాం" అంటున్నాడు.