సిమ్స్ 4 మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే మోడ్స్ గొడవ తీరదు

కంప్యూటర్ గేమ్ సిమ్స్ 4కి అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ ఒక సలహా చేతులు మారుతూ ఉంటుంది: "గేమ్ క్రాష్ అవుతుంటే కొత్తగా వేసిన మోడ్ తీసేయండి. తగ్గకపోతే ఒక్కో ఫైలూ తీస్తూ చూడండి. అప్పటికీ కాకపోతే గేమ్ అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ వేసుకోండి. సీసీ బట్టలు, ఫర్నిచర్‌తో ఏ ఇబ్బందీ ఉండదు." (మోడ్ అంటే ఆటగాళ్ళు తయారుచేసి గేమ్‌కు కలిపే ఫైలు. సీసీ అంటే కస్టమ్ కంటెంట్, వాళ్ళే చేసిన బట్టలు, ఫర్నిచర్ లాంటివి.) ఈ సలహాలో సరైనది చాలా తక్కువ.

"మళ్ళీ ఇన్‌స్టాల్ చేయండి"

ఎక్కువ నష్టం దీనివల్లే. మోడ్స్, సేవ్స్ (ఆడిన ఆట దాచిన ఫైళ్ళు), క్యాష్ (గేమ్ తాత్కాలికంగా దాచుకునే సమాచారం) ఉండేది గేమ్ ఇన్‌స్టాల్ అయిన చోట కాదు. డాక్యుమెంట్స్‌లోని ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఫోల్డర్‌లో, ది సిమ్స్ 4 కింద. అన్‌ఇన్‌స్టాల్ దాని జోలికి వెళ్ళదు. ఎలుకల మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టే, పైగా ఎలుకలు క్షేమం. విడిగా కొనే అదనపు ప్యాక్‌లన్నీ ఉన్నవాళ్ళకు డౌన్‌లోడ్ పదుల జీబీలు.

దాని బదులు గేమ్ మూసి, మోడ్స్ ఫోల్డర్‌ను డెస్క్‌టాప్‌కి జరపండి. అదే ది సిమ్స్ 4 ఫోల్డర్‌లో ఉన్న లోకల్‌థంబ్‌క్యాష్.ప్యాకేజ్ అనే క్యాష్ ఫైలు డిలీట్ చేయండి. గేమ్ దాన్ని మళ్ళీ తయారు చేసుకుంటుంది. ఇప్పుడు కొత్త సేవ్ మొదలుపెట్టి చూడండి. మోడ్స్ లేకుండా కూడా క్రాష్ అయితే ఈఏ యాప్‌లో రిపేర్ నొక్కండి. కొత్త సేవ్ బాగుండి పాతది మాత్రమే ఆగిపోతుంటే, మోడ్స్ బయట ఉండగానే పాత సేవ్ కాపీని తెరవండి. అప్పుడూ ఆగితే సేవే పాడై ఉండొచ్చు.

"కొత్తగా వేసిందే దోషి"

అప్‌డేట్ తర్వాత చెడిపోయేవి పాతవే. 2018 నవంబరులో గేమ్ వాడే ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 3.3 నుంచి 3.7కి మారినప్పుడు స్క్రిప్ట్ మోడ్స్‌ను (కోడ్‌తో పనిచేసే మోడ్స్) వాటి తయారీదార్లు మళ్ళీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ఎప్పుడు వేశామన్నది కాదు, ఈ అప్‌డేట్ తర్వాత ఆ మోడ్ కొత్త వెర్షన్ వచ్చిందా అన్నది చూడాలి.

మోడ్స్ అసలు కనిపించకపోతే అది వేరే సంగతి. అప్‌డేట్ అయ్యాక గేమే వాటిని ఆపేస్తుంది. గేమ్ ఆప్షన్స్‌లో అదర్ కింద మోడ్స్‌ను, స్క్రిప్ట్ మోడ్స్‌ను అనుమతించే రెండు టిక్కులూ పెట్టి రీస్టార్ట్ చేయాలి.

"సీసీతో ఇబ్బంది ఉండదు"

బట్టల వరకు సగం నిజం. మెష్ (ఆకారం) ఫైలు వేయకుండా రీకలర్ (దాని రంగు మార్చే ఫైలు) ఒక్కటే వేస్తే అది సరిగ్గా కనిపించదు, అంతే. గేమ్ ఆగడం అరుదు. ఫర్నిచర్ అలా కాదు. అది గేమ్ సొంత వస్తువుల ట్యూనింగ్ (వస్తువు ఎలా పనిచేయాలో చెప్పే సెట్టింగ్‌లు) మీద ఆధారపడుతుంది. ఆ ట్యూనింగ్ మారితే సీసీ కుర్చీ మీద సిమ్ కూర్చోలేకపోవచ్చు. ఇలాంటి వాటిలో కొన్నింటికి సీసీ తయారుచేసే ప్రోగ్రామ్ సిమ్స్ 4 స్టూడియోలో బ్యాచ్ ఫిక్స్‌లు (చాలా ఫైళ్ళను ఒకేసారి సరిచేసేవి) ఉంటాయి.

"ఒక్కో ఫైలూ తీస్తూ చూడండి"

వెయ్యి ఫైళ్ళుంటే వెయ్యిసార్లు గేమ్ తెరవాలా? సగం చేసుకుంటూ పోతే దాదాపు పదిసార్లలో తేలుతుంది. సగం ఫైళ్ళు పెట్టి, క్యాష్ డిలీట్ చేసి తెరవండి. సమస్య కనిపిస్తే దోషి ఆ సగంలోనే, లేకపోతే రెండో దాంట్లో.

విడదీసేటప్పుడు ఒకే మోడ్‌కు చెందిన ప్యాకేజ్, టీఎస్4స్క్రిప్ట్ ఫైళ్ళు కలిసే ఉండాలి. మెష్, రీకలర్ కూడా అంతే. స్క్రిప్ట్ ఫైలు మోడ్స్‌లో ఒక ఫోల్డర్ లోతు దాటితే గేమ్ దాన్ని చదవదు. పరీక్షిస్తున్నంతసేపూ అసలు సేవ్‌ను తెరిచి సేవ్ చేయకండి: సీసీ లేకుండా సేవ్ చేస్తే ఇంట్లోని ఆ వస్తువులు పోతాయి, సీసీ తిరిగి పెట్టినా రావు.

స్క్రిప్ట్ మోడ్ మీద అనుమానం ఉంటే సగాలు చేసే ముందే గేమ్ తన తప్పులను రాసిపెట్టే లాస్ట్‌ఎక్సెప్షన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. గేమ్ సొంత స్క్రిప్టుల దారులు 'టి:\ఇన్‌గేమ్\గేమ్‌ప్లే' అని మొదలవుతాయి. వాటి మధ్య మీరు వేసిన మోడ్ పేరు కనిపిస్తే ముందు దాన్నే తీసి చూడండి.

ఒక్కోసారి రెండు సగాలూ విడివిడిగా బాగానే నడిచి, కలిపితేనే చెడతాయి. అంటే రెండు మోడ్స్ ఒకదానితో ఒకటి తగువుపడుతున్నాయి. అప్పుడు ఒక సగాన్ని కదపకుండా ఉంచి రెండోదాన్ని మాత్రం సగాలు చేస్తూ పోండి. ఒకటి దొరికాక దాన్ని పెట్టుకుని మొదటి సగాన్నీ అలాగే విడదీయండి.