రంది అంటే తెలియని కౌన్సెలర్లు

విశాఖపట్నంలో నీట్ శిక్షణకు వచ్చిన ఒక అమ్మాయి మరణంపై విచారణ చేస్తూ సుప్రీంకోర్టు 2025 జులై 25న 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలంది. అణగారిన వర్గాల పిల్లలతో వివక్ష లేకుండా మెలగడంపై సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా అంది. మన కాలేజీల తీరు తెలిసినవాళ్లకు మొదటి ఆదేశం ఎలా అమలవుతుందో, రెండోది ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. ఒక గది చూపిస్తారు, ఒక కుర్చీ వేస్తారు, తలుపు మీద పేరు రాయిస్తారు. లెక్క సరిపోతుంది.

ఆ కుర్చీలో కూర్చునే మనిషికి ఎవరి బాధ వినడం నేర్పారన్నదే మా ప్రశ్న.

ఏ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీ దగ్గరైనా ఒక పూట నిలబడితే సంగతి తెలుస్తుంది. 'పానం మంచిగ లేదు సార్, కొడుకు గురించి రంది పెట్టుకున్న, రాత్రయితే బుగులైతాంది' అంటుంది ఒక తల్లి. ఒంట్లో బాగోలేదని, కొడుకు గురించి దిగులు (రంది) పెట్టుకున్నానని, రాత్రయితే భయం (బుగులు) వేస్తోందని చెప్పడం అది. అవతల కూర్చున్న యువ సైకాలజిస్టు చదువు, పరీక్ష, కేస్ షీటు అన్నీ ఇంగ్లిష్‌లోనే. 'ఎప్పటి నుంచి డిప్రెస్డ్‌గా ఫీలవుతున్నారమ్మా?' అని అడుగుతారు. ఆమె పక్కనున్న మరిది ముఖం చూస్తుంది. ఇక అక్కడి నుంచి జవాబులన్నీ మరిదివే. మనోవ్యాధిని తెలంగాణలో మనాది అంటారు, మరోచోట మనేద అంటారు. మన జబ్బుకు మనం పెట్టుకున్న పేరు అది. దాన్ని రాసుకోవడానికి కేస్ షీటులో గడి లేదు. అరికాళ్ల మంటలు, గుండె దడ, గాలి సోకిందన్న భయం ఇవన్నీ 'ఇతర ఫిర్యాదులు' కిందికి పోతాయి.

తెలుగు తెలిసిన రోగి గతే ఇది. ఉట్నూరు గోండు కుర్రాడికి, పాడేరు కొండల మీది కువి భాష మాట్లాడే అమ్మాయికి, పాతబస్తీ ఉర్దూ ఇల్లాలికి, ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా కూలీకి ఆ గదిలో ఏం దొరుకుతుంది?

ఇంతకన్నా పెద్ద ఖాళీ కులం దగ్గరుంది. హాస్టల్లో 'నీ ర్యాంకెంత, ఏ కేటగిరీ?' అన్న ప్రశ్నతో మొదలైన వేధింపు గురించి ఒక దళిత విద్యార్థి కౌన్సెలర్‌కు చెప్పుకున్నాడనుకోండి. 'అందరూ నన్ను తక్కువగా చూస్తున్నారు' అన్న వాక్యాన్ని పాఠ్యపుస్తకం 'ఆలోచనలో దోషం' కింద చూపిస్తుంది. ఆ ఆలోచనకు ఆధారమేమిటో రోగి చేతే వెతికించడం ఆలోచనల తీరు మార్చి బాధ తగ్గించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో తొలి పాఠం. మంచి పద్ధతే. కానీ ఆ ఆలోచన అక్షరాలా నిజమైతే? నిజమయ్యే అవకాశం ఉందని ముందే తెలిసిన థెరపిస్టు ఒకలా అడుగుతారు. తన ఇంట్లో కులం మాటే ఎత్తక్కర్లేకుండా పెరిగిన థెరపిస్టు 'పట్టించుకోకు, పాజిటివ్‌గా ఆలోచించు' అని పంపించేస్తారు. దాన్ని వైద్యం అనరు. వేధించినవాడి తరఫున వకాల్తా అంటారు.

ఉన్న సైకాలజిస్టులే అరకొర, ముందు సంఖ్య పెరగనివ్వండి, బాధ ఎవరికైనా బాధే కదా అనేవాళ్లున్నారు. కొరత నిజమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. (ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన బాధ ఆ లెక్కలోకే రాలేదన్నమాట.) కానీ తలుపు దాకా వచ్చిన మనిషి మాట అర్థం కాక వెనక్కిపోతే ఆ అంకె తగ్గుతుందా?

చట్టం మాత్రం ఎప్పుడో రాసేశారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ మతం, సంస్కృతి, కులం, వర్గం, లైంగికత ఆధారంగా వివక్ష లేకుండా చికిత్స పొందే హక్కు ఇచ్చింది. కులం అన్న మాట చట్టంలో ఉంది, థెరపీ గదిలో లేదు. భిన్నత్వం సిలబస్‌లో పరీక్ష ప్రశ్నగా ఉంది, శిక్షణలో పనిగా లేదు. మాకు మండేది ఈ రెండు నాల్కల ధోరణి చూసే.

ఇందులో మన వాటా కూడా తక్కువేం కాదు. డాలస్‌లో చదివే కొడుకు కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే, 'అమ్మానాన్నలకు కాస్త దూరం పాటించు' అని ఆమె చెప్పిందని ఇక్కడి తండ్రికి కోపం. మన కుటుంబాల సంగతి వాళ్లకేం తెలుసని విసుగు. న్యాయమైన విసుగే. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ బహుళ సంస్కృతులపై మార్గదర్శకాలను 2003లోనే అచ్చేసి, 2017లో మళ్లీ రాసుకుంది కూడా. మన పిల్లవాడికి అక్కడ కావాల్సిన ఆ మర్యాదే ఇక్కడ గోండు పిల్లవాడికి కావాలంటే మాత్రం 'ముందు సంఖ్య పెరగనివ్వండి' అంటాం!

చేయడానికి కోట్లేం అక్కర్లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం-5లో సాంస్కృతిక నేపథ్యం అడగడానికి 16 ప్రశ్నలున్నాయి. ఈ బాధను మీవాళ్లు ఏమంటారు, ఎందుకొచ్చిందనుకుంటున్నారు, ఇంతకుముందు ఎవరి దగ్గరికి వెళ్లారు అన్న తరహావి. జింబాబ్వేలో మానసిక బాధతో వచ్చినవాళ్ల మాట వినడానికి అవ్వలకు శిక్షణ ఇచ్చి బెంచీల మీద కూర్చోబెట్టారు. అక్కడి షోనా భాషలో ఆ బాధ పేరు 'కుఫుంగిసిసా', అంటే అతిగా ఆలోచించడం. మన అమ్మమ్మలు 'ఆలోచన ఎక్కువైపోయిందిరా' అనడం లేదూ? జనం మాటతోనే మొదలుపెట్టారు, ఫలితం వచ్చిందని 2016లో ప్రచురించిన ట్రయల్ చూపించింది.

క్లినికల్ సైకాలజిస్టుల శిక్షణ భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చేతిలో ఉంది. మిగతా సైకాలజిస్టులు, కౌన్సెలర్లు 2021 చట్టంతో ఏర్పడిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ పరిధిలోకి వచ్చారు. ఏజెన్సీ ఆసుపత్రిలో కొన్ని నెలల పని, రోగి భాషలో నడిపిన సెషన్లపై సీనియర్ల సమీక్ష, బంధువును కాకుండా శిక్షణ పొందిన దుబాసీని పెట్టుకోవడం, తన కులం తన చెవులకు ఏం అడ్డుపెడుతోందో ట్రైనీ చేత నోరు విప్పి మాట్లాడించడం. ఇవి లేకుండా పట్టా ఇవ్వకూడదని నిబంధన పెట్టడానికి ఈ రెండు సంస్థలకు అడ్డమేమిటి?

కౌన్సెలర్ పేరు, ఫోన్ నంబరు బోర్డు మీద అంటించి, ఫొటో తీసి పైకి పంపితే కోర్టు ఆదేశం అమలైపోయిందనుకునే యాజమాన్యాలకు కొదవ లేదు. ఆ ఫొటో చూసి సంతకం పెట్టబోయే అధికారి ముందు కాలేజీకి వెళ్లి, ఆ కుర్చీలో ఉన్న మనిషిని రంది అంటే ఏమిటో అడగాలి. తనకూ తెలియకపోతే, ముందు తను నేర్చుకుని వెళ్లాలి.