సెల్‌ఫోన్ గాలానికీ వేట నిషేధం ఉండాలి

నెల్లూరు యువత ఈ మధ్య కదలకుండా కూర్చోవడం నేర్చుకుందన్న ఆందోళనకరమైన సమాచారాన్ని పాఠకుల ముందుంచక తప్పడం లేదు. సెల్‌ఫోన్ చేతికి వచ్చిన కుర్రవాడు తుపాకులు పేల్చాలి, ఎక్కడో ఉన్న తోటి ఆటగాడిని పేరుపెట్టి తిట్టాలి, ఓడిపోతే ఫోనును మంచం మీదికి విసిరికొట్టాలి. ఇన్నాళ్లూ మనమెరిగిన పద్ధతి ఇది. అందుకు పూర్తి విరుద్ధంగా మాగుంట లేఅవుట్ మేడల్లోనూ, ట్రంకురోడ్డు టీ అంగళ్ల దగ్గరా కొందరు నోరు మెదపకుండా, తెర మీది నీళ్లలో తేలుతున్న బెండు వంక గంటల తరబడి చూస్తూ కూర్చుంటున్నారు. విచారించగా వారు చేపలు పడుతున్నారని తేలింది.

ఈ వ్యసనం నిన్నమొన్న పుట్టినది కాదు. అటారీ 2600 అనే వీడియోగేమ్ యంత్రం కోసం డేవిడ్ క్రేన్ 1980లోనే ఫిషింగ్ డెర్బీ అనే ఆటను తయారుచేశాడు. అందులో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని, 99 పౌండ్ల చేపలు ఎవరు ముందు పడతారా అని పోటీపడేవారు; మధ్యలో ఒక సొరచేప తిరుగుతూ, గాలానికి చిక్కినదాన్ని కాస్తా కాజేసేది. ఆదివారం పొద్దున మన చేపల మార్కెట్ ఎలా ఉంటుందో అదీ అలాగే ఉండేది గనుక దానివల్ల సమాజానికి ప్రమాదమేమీ కలగలేదు. తరువాత వచ్చినవాళ్లే చెడగొట్టారు. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి నాలుగేళ్లకు పైగా శ్రమించి 2016లో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీ ఆటలో, బుద్ధిగా సేద్యం చేసుకోమని ఆటగాడికి ఒక పొలం అప్పగిస్తారు. చాలామంది ఆ పొలాన్ని బీడుపెట్టి, గాలం పుచ్చుకుని నీటి ఒడ్డున చేరారు. (పెన్నా డెల్టా రైతుల బిడ్డలకు ఈ నిర్ణయం వెనుక ఉన్న తర్కాన్ని విడమరచి చెప్పనక్కరలేదు.) 2019లో అది ఆండ్రాయిడ్ ఫోన్లలోకి కూడా రావడంతో రోగం ఇంటింటికీ పాకింది.

అయితే వీటన్నిటిలోనూ నేను తీవ్రంగా ఖండించవలసినది 2020 మార్చిలో, లోకమంతా తలుపులు వేసుకుని కూర్చున్న రోజుల్లో వచ్చిన యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్. ఇది ఫోనులో ఆడేది కాదు; అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు సెలవులకు వస్తూ తెచ్చిపెట్టిన నింటెండో స్విచ్ అనే ఆట యంత్రంలో ఆడేది. నీటిలో చేప నీడ కనిపిస్తుంది. సరిగ్గా దాని ముక్కు ముందు పడేటట్టు గాలం వెయ్యాలి. చేప మెల్లగా తిరిగి, బెండును ఒకసారి పొడిచి వెనక్కి తగ్గుతుంది. అప్పుడు తొందరపడి బటన్ నొక్కితే పారిపోతుంది. మళ్లీ పొడుస్తుంది, మళ్లీ తగ్గుతుంది. ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండాలి. బెండు బుడుంగున మునిగినప్పుడే నొక్కాలి. ఎంత గడుసు చేప అయినా నాలుగుసార్లకు మించి ఊరించదు, అయిదోసారికి ఎరను మింగి తీరుతుంది.

కుట్ర అంతా ఈ అయిదోసారిలోనే ఉంది. ఓపికగా ఎదురుచూసినవాడికి ఫలానాసారికి పని అవుతుందని రాతపూర్వకంగా కాకపోయినా నోటిమాటగానైనా హామీ ఇచ్చిన చోటు మన జిల్లాలో మరొకటి ఉన్నదా? సర్టిఫికెట్ కోసం వెళ్లినవాడికి మొదటిసారి సర్వర్ పనిచేయదు, రెండోసారి సారు మీటింగులో ఉంటారు, మూడోసారి ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక అక్షరం తక్కువవుతుంది, నాలుగోసారి సోమవారం రమ్మంటారు, అయిదోసారికి ఆ సారు బదిలీ అయి ఉంటారు. తరతరాలుగా ఈ శిక్షణ పొంది రాటుదేలిన జాతికి, నిరీక్షిస్తే ఫలితం దక్కుతుందన్న ప్రమాదకరమైన భావాన్ని ఒక జపాన్ కంపెనీ నూరిపోస్తుంటే చూస్తూ ఊరుకోవలసిందేనా? ఈ ఆటకు అలవాటుపడిన కుర్రవాడు రేపు ఏ కార్యాలయం వరండాలోనో నిలబడి, అయిదోసారి కూడా బెండు మునగకపోతే, ఎందుకు మునగలేదని అడిగే అవకాశం ఉంది.

దీనికి తోడు విజ్ఞానం ఒకటి. పెన్నానది సముద్రంలో కలిసేది ఊటుకూరు దగ్గరని తెలియని పిల్లవాడు, స్టర్జన్ అనే చేప సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఏటి మొగలో దొరుకుతుందనీ, సీలకాంత్ వాన పడుతున్నప్పుడు మాత్రమే సముద్రంలో కనిపిస్తుందనీ నిద్రలో లేపి అడిగినా చెబుతున్నాడు.

ఇళ్లలో దీని పర్యవసానాలు ఇంకా తీవ్రంగా ఉన్నాయి. వెదురుకర్రకు నైలాన్ దారం కట్టి, గాలానికి వానపామును గుచ్చి కాలువ ఒడ్డున కూర్చున్నవాడిని పూర్వం పనీపాటా లేనివాడని నిస్సంకోచంగా తిట్టేవారు. అయినా సాయంత్రానికి వాడు తెచ్చిన నాలుగు జెల్లలు పులుసులో పడగానే ఆ నింద సగం మాసిపోయేది. నెల్లూరులో చేపకు విలువ కట్టేది మట్టిదాకలోనే. బొమ్మిడాయిలతో మామిడికాయ ముక్కలు వేసి కాచి, రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు తినేదాకా చేపను పట్టినట్టు లెక్క కాదు. ఈ ఆటలోనేమో పట్టిన చేపను ఒక గుడ్లగూబ నడిపే మ్యూజియానికి దానం చేస్తారు.

"ఏందిరా అబ్బయా, పొద్దుట్నుంచీ చేపలు పడతానే ఉండావు, పులుసుకి ఒకటన్నా తెచ్చినావా?" అని అడిగిన తల్లికి, "మ్యూజియంలో ఇచ్చేసినా మా" అని ఒక కొడుకు జవాబు చెప్పాడు. "అయితే మధ్యాహ్నం కూడు కూడా ఆ గుడ్లగూబనే పెట్టమను" అని ఆమె ఇచ్చిన తీర్పుపై అప్పీలుకు అవకాశం లేదు.

ఇంత చెప్పినా, ఈ వేటను నిష్పక్షపాతంగా గమనించవలసిన చోటు ఒకటి ఉంది. విడవలూరు, ఇందుకూరుపేట, అల్లూరు మండలాల్లో రాత్రిపూట రొయ్యల గుంటల గట్ల మీద కాపలా ఉండే కుర్రవాళ్లు కనిపిస్తారు. రొయ్యలకు గాలి అందించే ఏరియేటర్లు నీళ్లను చిలుకుతూనే ఉంటాయి. ఆ మోత ఆగితే గుండె ఆగినట్టే. తెల్లవారుజాముకు నీటిలో ఆక్సిజన్ అడుగంటుతుంది కాబట్టి, ఆ వేళ కరెంటు పోయి జనరేటర్ సకాలంలో అందుకోకపోతే, అప్పుచేసి పోసిన మేతంతా రొయ్యలతోపాటు తేలిపోతుంది. అలాంటి గట్టు మీద, జనరేటర్ షెడ్డు పక్కన నులకమంచం మీద కూర్చుని, చుట్టూ నిజమైన వనామీ రొయ్యలు లక్షల్లో ఉండగా, ఒకడు ఫోనులో స్టార్‌డ్యూ వ్యాలీ తెరిచి, అందులోని ఆకుపచ్చ పట్టీని కిందికీ పైకీ జరుపుతూ, గిలగిలలాడే చేప బొమ్మను దాని లోపలే నిలపడానికి ప్రయత్నిస్తుంటాడు. అక్కడి చేపకు వైరస్ సోకదు. మేత అప్పు పెరగదు. కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్నిబట్టి కట్టే ధర) పడిపోయిందని కొనుగోలుదారు పొద్దున్నే ఫోన్ చెయ్యడు. చేప తప్పిపోతే గాలం మళ్లీ వేసుకోవచ్చు. చెవి ఏరియేటర్ మీదా కన్ను బెండు మీదా పెట్టి కూర్చున్న ఆ కుర్రవాడిని చూసినప్పుడు మాత్రం నా వాదన కొంత బలహీనపడుతుందని ఒప్పుకుంటాను.

అయినా చట్టం చట్టమే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్లు వేటకు వెళ్లకూడదన్న నిబంధన, చేపలు గుడ్లు పెట్టే కాలంలో వాటిని ప్రశాంతంగా బతకనివ్వడానికి ఏర్పడింది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో బోట్లు ఒడ్డున నిలిచి, మత్స్యకారులు వలలు బాగుచేసుకునే ఆ రోజుల్లో, ఏసీ గదుల్లో మాత్రం వేట విరామం లేకుండా సాగడం అన్యాయం. తెర మీది చేపలు ఎన్ని పట్టినా తరగవనే వాదన చెల్లదు, ఒకప్పుడు సముద్రం గురించి కూడా మనం అదే మాట అనుకున్నాం. కనుక ఈ నిషేధాన్ని ఫోన్లకూ వర్తింపజేయాలని మత్స్యశాఖను కోరుతున్నాను. 2025లో ప్రభుత్వం వేట విరామ భృతిని మత్స్యకార కుటుంబానికి 20 వేల రూపాయలకు పెంచింది కాబట్టి, స్క్రీన్ టైమ్ నివేదిక జతచేసి తమకూ ఇమ్మని ఆటగాళ్లు దరఖాస్తు పెట్టుకోవచ్చు. వాటిని పరిశీలించే బాధ్యతను పైన పేర్కొన్న తల్లికి అప్పగిస్తే ఖజానాకు నష్టమేమీ ఉండదు.

ఒక్క చిక్కు ఉంది. ఇంజను లేని సంప్రదాయ పడవలకు నిషేధం వర్తించదు గనుక, బొటనవేలు యంత్రం కిందికి రాదంటూ ఎవరో ఒకరు హైకోర్టుకు వెళతారు. జీవో రాసే అధికారి "బొటనవేలితో సహా" అన్న మాటను ముందుగానే చేర్చి, రొయ్యల గుంటల కాపలావాళ్లకు మాత్రం కరెంటు ఉన్నంతసేపు మినహాయింపు ఇవ్వడం మంచిది.