ఆ జట్లను ఖర్చు పద్దులో రాయకండి

2002లో ఇసుజు మోటార్స్ ఉద్యోగుల బేస్‌బాల్ జట్టు, జపాన్‌లో కంపెనీ జట్లన్నీ ఏడాది పొడవునా కలవరించే టోర్నమెంటును గెలిచింది. ఫుజిసావా నగరం తరఫున ఆడి, విజేతలకిచ్చే నల్ల సింహం జెండాను మొదటిసారి అందుకుంది. ఆ ఏడాది ముగిసేసరికి జట్టే లేదు. గెలిచాక మూసేశారని కాదు. ఆ ఏటితో సరి అని ముందే ప్రకటించారు. ఆటగాళ్లు అది తెలిసే మైదానంలోకి దిగారు, తెలిసే గెలిచారు. అయినా యాజమాన్యం నిర్ణయం మారలేదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, కంపెనీ జట్ల మూసివేత మాట వచ్చినప్పుడు ఎవరైనా "వ్యాపారం అన్నాక తప్పదు కదా" అంటే నాకు ఒళ్లు మండిపోతుంది.

అసలు ఆ జట్లు కంపెనీల సొంత ఆస్తి అని ఎవరు చెప్పారు? 1927లో టోక్యోలోని మేజీ జింగూ స్టేడియంలో ఈ పోటీ మొదలైనప్పుడే దాని పేరు 'తోషి తైకో'. నగరానికీ నగరానికీ మధ్య పోటీ అన్నమాట. దీన్ని తలపెట్టిన వాళ్లలో ముఖ్యుడు హషిదో. 1905లో వసేదా విశ్వవిద్యాలయ జట్టుతో అమెరికా వెళ్లి ఆడి వచ్చినవాడు. టోర్నమెంటులో ఉత్తమ ఆటగాడికి ఇచ్చే పురస్కారం నేటికీ ఆయన పేరు మీదే ఉంది. అందుకే ఈనాటికీ ఇక్కడ తొషిబా అంటే కవాసాకి నగరం, సుబారు అంటే ఓతా నగరం. స్కోరు బోర్డులో కంపెనీ పేరు పక్కనే ఊరి పేరు ఉంటుంది.

మొదటి మూడేళ్లూ గెలిచినవి ఇప్పటి చైనాలోని దాలియన్ నగరపు జట్లు. 1940లోనూ 1942లోనూ గెలిచింది కొరియాలోని కేజో, అంటే ఇప్పటి సోల్. జపాన్ సామ్రాజ్యం ఎంతవరకు చేతులు చాచిందో ఆ పట్టికే చెబుతుంది. ఈ చరిత్రను ప్రేమించేవాళ్లు ఆ భాగాన్ని దాటవేయకూడదని నా అభిప్రాయం. యుద్ధం ముగిసిన మరుసటి ఏడాదే పోటీ మళ్లీ మొదలైంది. 1946లో గెలిచింది గిఫు నగరానికి చెందిన ఒక నిర్మాణ సంస్థ. గిఫు 1945 జూలైలో బాంబు దాడుల్లో కాలిపోయిన ఊరు. తిండికీ గూడుకూ కటకటలాడుతున్న రోజుల్లో ఆ ఊరి పేరుతో కూలీలకు పని చెప్పే కంపెనీ బేస్‌బాల్ జెండా తెచ్చింది. మరుసటి ఏడాది కూడా వాళ్లే గెలిచారు.

ఆ తర్వాతి విజేతల పట్టిక చదువుతుంటే ఆ దేశం ఏ పని చేసి బతికిందో తెలిసిపోతుంది. 1950 నుంచి 1952 దాకా వరుసగా మూడేళ్లు కనెబో నూలు మిల్లులవాళ్లు. 1954లో యవాతా ఉక్కు. 1974లో హొక్కైడోలోని షిరావోయి అనే చిన్న పట్టణంలోని కాగితం మిల్లు జట్టు, ఆ ఉత్తర ద్వీపానికి తొలి జెండా తెచ్చింది. తర్వాత కార్లు, చమురు. 12 టైటిళ్లతో అందరికంటే ముందున్న ఎనియోస్ ఒక చమురు కంపెనీయే.

నాకు అన్నిటికన్నా నచ్చే పద్ధతి ఒకటుంది. 1950 నుంచి, ప్రాంతీయ అర్హత పోటీల్లో గెలిచిన జట్టు అదే ప్రాంతంలో ఓడిపోయిన జట్ల నుంచి కొందరు ఆటగాళ్లను అరువు తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ముగ్గురి వరకు అనుమతి. నిన్న నీ చేతిలో ఓడి తలవంచుకుని వెళ్లిన పిచ్చర్, కొన్ని వారాల తర్వాత ఇప్పుడు ఈ పోటీ జరిగే టోక్యో డోమ్ స్టేడియంలో నీ జట్టు కోసం బంతి వేస్తాడు. నీ కంపెనీకి మార్కెట్లో బద్ధశత్రువైన కంపెనీలో జీతం తీసుకునేవాడు నీ ప్రాంతం పరువు కోసం చెమటోడుస్తాడు. ఇలాంటి నియమం ఉన్న పోటీని ప్రకటనల ఖర్చు కింద ఎలా జమకడతారు? ప్రత్యర్థి కంపెనీకి మనిషిని అప్పుగా ఇచ్చే ప్రకటన ఎక్కడైనా ఉంటుందా?

ఈ ఆటగాళ్ల రోజు ఎలా గడుస్తుందో కూడా చెప్పాలి. చాలా జట్లలో పొద్దున ఆఫీసులోనో ఫ్యాక్టరీలోనో పని, మధ్యాహ్నం నుంచి సాధన. ఆట మానేశాక ఎక్కువమంది అదే కంపెనీలో మామూలు ఉద్యోగులుగా కొనసాగుతారు. భుజం అరిగిపోయిన 30 ఏళ్ల పిచ్చర్ వీధిన పడడు. టోక్యో డోమ్‌లో స్టాండ్లలోనే వేదిక కట్టి, ఆఫీసులో పక్క సీటులో పనిచేసే ఉద్యోగులు గొంతు చించుకుని అరిచేది ఆ మనిషి కోసమే. మొన్నటిదాకా బిల్లుల మీద సంతకం పెట్టిన చేయి ఇవాళ బ్యాటు పట్టుకుందని వాళ్లకు తెలుసు. టీవీలో చూసే తారకు కొట్టే చప్పట్లూ ఇవీ ఒకటి కావు.

1963లో ఇలాంటి కంపెనీ జట్లు 237 ఉండేవి. తర్వాత వంద లోపుకు పడిపోయాయి. నీటిబుడగలా ఉబ్బిన ఆర్థిక వ్యవస్థ పగిలాక 1990లలో ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. హిదెయో నోమో సంగతే చూడండి. హైస్కూలు నుంచి బయటికొచ్చినప్పుడు ఏ ప్రొఫెషనల్ జట్టూ తీసుకోని కుర్రవాడు. నిప్పన్ స్టీల్ సకాయి ఉద్యోగిగా చేరి, అక్కడే ఫోర్క్‌బాల్, అంటే బ్యాటర్ దగ్గరికొచ్చి కిందికి జారే బంతి, వేయడం నేర్చుకున్నాడు. 1988 సోల్ ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన జట్టులో ఆడాడు. ప్రొఫెషనల్ జట్లు కొత్తవాళ్లను ఎంచుకునే 1989 డ్రాఫ్టులో అతని కోసం 8 జట్లు పోటీపడ్డాయి. 1995లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్‌లో చేరి ఆ ఏటి ఉత్తమ నవాగతుడిగా నిలిచాడు. అతన్ని తయారుచేసిన సకాయి జట్టును అంతకు ముందు ఏడాదే, 1994లో మూసేశారు. నోమో 2003లో తన పేరుతో సకాయిలో ఒక క్లబ్ పెట్టాడు. ఆడాలనుకునే కుర్రవాళ్లకు చోటు కరువవుతోందనే. 2005లో ఆ క్లబ్ జాతీయ క్లబ్ పోటీ గెలిచింది. కంపెనీలు చేయాల్సిన పనిని ఒక ఆటగాడు తన భుజాన వేసుకున్నాడు.

తప్పంతా కంపెనీలదే అనడం లేదు. 1961లో చునిచి డ్రాగన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు, నిప్పన్ లైఫ్ బీమా కంపెనీ జట్టు ఆటగాడు యనగావాను తీసుకుపోయిందన్న కోపంతో, కంపెనీ జట్ల ఆటను నడిపే అమెచ్యూర్ సంఘం ప్రొఫెషనల్ ఆటతో సంబంధాలు తెంచుకుంది. మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్లు తిరిగి కంపెనీ జట్లలోకి రావడానికి 1999 దాకా ఆగాల్సి వచ్చింది. పంతానికి పోయి ఓ తరం అనుభవాన్ని గడప బయటే నిలబెట్టారు. బలహీనపడిన ఇంటిని పడగొట్టడం తేలికే కదా.

డబ్బు లేదనే వాదన వింటాను. కిమిత్సు ఉక్కు కర్మాగారం జట్టు విషయంలో కూడా అదే ఇబ్బంది వచ్చింది. కానీ 2003లో దాన్ని మూసేయకుండా, చుట్టుపక్కల నగరాలనూ ఇతర సంస్థలనూ కలుపుకుని 'కజుసా మ్యాజిక్' అనే ప్రాంతీయ జట్టుగా మార్చారు. పదేళ్ల తర్వాత, 2013లో, ఆ జట్టు కంపెనీ జట్ల మరో పెద్ద పోటీ అయిన జపాన్ చాంపియన్‌షిప్ గెలిచింది. భారం ఒక్కరే మోయలేకపోతే పదిమందీ పంచుకోవచ్చని చూపించిన ఉదాహరణ కళ్లెదుటే ఉండగా, నిస్సాన్ 2009లో తన జట్టును ఆపేసింది. 1984లో, 1998లో యొకోసుకా నగరానికి నల్ల సింహం జెండా తెచ్చిన జట్టు అది. మళ్లీ 2025లో మొదలుపెట్టారు. సంతోషం. కానీ ఆ మధ్యకాలంలో హైస్కూలు దాటి, ఆ జట్టులో చేరే అవకాశం లేక బేస్‌బాల్ మానేసిన కుర్రవాళ్ల వయసు ఎవరూ వెనక్కి ఇవ్వలేరు. మూసేసే ముందు యొకోసుకా వాళ్లతో కూర్చుని, ఈ జట్టును మీరూ మేమూ కలిసి నడుపుదామా అని అడిగి ఉండాల్సింది. ఇకమీదట ఏ కంపెనీ అయినా జట్టును ఆపేసేముందు ఆ ఊరిని అడిగి తీరాలని అమెచ్యూర్ సంఘం నియమం పెట్టాలి.